‘చిమ్నీ పెడుతున్నారుగా, ఇంకేం బాధ?’: రెస్టారెంట్ విచారణల చుట్టూ తిరిగే మెసేజ్‌కు జవాబు

ఇళ్ల మధ్య రెస్టారెంట్‌కు దరఖాస్తు పడి, చుట్టుపక్కలవాళ్ల అభ్యంతరాలు వినడానికి ప్లానింగ్ విచారణ తేదీ ఖరారు కాగానే ఫోన్లలో ఒక మెసేజ్ తిరుగుతుంది. దాని సారం ఇది: ఇరుగుపొరుగు గోలంతా ఉత్తదే. ఫిల్టర్లున్న చిమ్నీ పెడుతున్నారు, వాసన రాదు. ఫ్యాన్ 65 డెసిబెల్సే, ఇద్దరు మాట్లాడుకున్నంత చప్పుడు. గ్రీజ్ ట్రాప్ (వంటగది నీటిలోని కొవ్వును ఆపే తొట్టి) ఉంది, డ్రైనేజీ పొంగదు. సీట్లకు తగ్గ పార్కింగ్ ఉంది. రాత్రి పదింటికి మూసేస్తారు. అప్పటికీ తేడా వస్తే ఫిర్యాదు చేసుకోవచ్చు.

వినడానికి సబబుగానే ఉంది. ఒక్కో ముక్క విప్పితే నిలబడేది తక్కువ.

‘ఫిల్టర్ ఉంది, వాసన రాదు.’ ఏ ఫిల్టర్? పొయ్యిల మీద పొగను లాగే గొడుగులో (హుడ్‌లో) వాలుగా బిగించే స్టీలు పలకలు బ్యాఫిల్ ఫిల్టర్లు. నూనె తుంపరలను పట్టడం, మంట డక్టులోకి, అంటే గాలిని బయటికి తీసుకెళ్లే గొట్టంలోకి, పాకకుండా చూడడం వాటి పని. గాలి పలకల మధ్య మెలికలు తిరుగుతుంటే బరువైన తుంపర తిరగలేక పలకకు కొట్టుకుని కిందికి కారుతుంది. సుమారు 10 మైక్రాన్లకు (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) మించిన తుంపరల విషయంలో ఇది బాగానే జరుగుతుంది. వేపుళ్ల నుంచి లేచే నీలి పొగలో చాలా భాగం అంతకంటే ఎంతో సన్నం, గాలితోపాటే మెలిక తిరిగి బయటపడుతుంది. వాసన సంగతి చెప్పనే అక్కర్లేదు, అది వాయువు. స్టీలు పలకతో దాన్ని ఆపాలనుకోవడం జల్లెడతో నీళ్లు మోయడమే.

పొగకు ఎలక్ట్రోస్టాటిక్ ప్రెసిపిటేటర్ (సన్నటి తుంపరలకు విద్యుదావేశం ఇచ్చి పలకలకు అంటించే యంత్రం), దాని తర్వాత వాసనకు యాక్టివేటెడ్ కార్బన్ (సన్న రంధ్రాల్లో వాసనను పట్టుకునే బొగ్గు) ఉండాలి. ఈ వరస తప్పకూడదు. నూనె ముందే తగిలితే కార్బన్ రంధ్రాలు పూడుకుపోతాయి. ప్రెసిపిటేటర్ పలకలను కడగకుండా వదిలేసినా కొన్నాళ్లకు అదే గతి. గాలి 40 డిగ్రీలు దాటినా, అందులో తేమ 75 శాతం దాటినా కార్బన్ పట్టు సడలుతుంది. పొయ్యిల మీది ఆవిరి సరిగ్గా ఆ రెండూ మోసుకొస్తుంది.

కార్బన్ ఎంత కావాలో లెక్క కష్టం కాదు. వంటగది నుంచి సెకనుకు 2 ఘనపు మీటర్ల గాలి లాగుతున్నారనుకోండి. వాసన ఘాటుగా ఉండే వంటకు ఆ గాలి కార్బన్‌లో కనీసం 0.2 సెకను నిలవాలి. 2 × 0.2 = 0.4 ఘనపు మీటరు. ఘనపు మీటరు కార్బన్ సుమారు 450 నుంచి 500 కిలోలు తూగుతుంది కాబట్టి దాదాపు 200 కిలోల సరుకు పడుతుంది. డ్రాయింగులో ఫ్యాన్ పక్కన చిన్న డబ్బా గీసి ‘కార్బన్ ఫిల్టర్’ అని రాసి ఉంటే విచారణలో అడగాల్సినవి మూడు: ఎన్ని కిలోలు, ఎన్ని నెలలకోసారి మారుస్తారు, ఆ బరువు మోసే ఏర్పాటు ఎక్కడుంది?

గొట్టం చివర కూడా చూడాలి. వాన పడకుండా పెట్టే టోపీ పైకి లేవాల్సిన గాలిని కిందికి వంచి, పక్కింటి కిటికీల మీదికే తోస్తుంది. గాలి నిట్టనిలువుగా, దగ్గరి కప్పులకు కనీసం మీటరు ఎత్తున, సెకనుకు 10 నుంచి 15 మీటర్ల వేగంతో పోవాలి. వాన నీటికి గొట్టం అడుగున చిన్న డ్రెయిన్ పెడితే సరిపోతుంది.

‘65 డెసిబెల్సే.’ ఎంత దూరంలో? దూరం చెప్పని డెసిబెల్ అంకెకు అర్థం లేదు. కేటలాగుల్లో చాలావాటిలో ఆ అంకె 3 మీటర్ల దగ్గర కొలిచింది. అదే ఫ్యాన్ మీటరు దూరంలో దాదాపు 75. సరే, మెసేజ్ అంకెనే 3 మీటర్ల దగ్గరిదిగా తీసుకుందాం. దూరం రెట్టింపైనప్పుడల్లా 6 తగ్గుతుంది. 6 మీటర్ల దగ్గర 59, 12 మీటర్ల దగ్గరున్న పడకగది కిటికీకి 53. ఫ్యాన్‌ను గోడకు ఆనించి పెడితే ప్రతిధ్వనితో ఇంకో 3 కలుస్తుంది. హుడ్ లాగే గాలికి బదులు తాజా గాలి తెచ్చే రెండో ఫ్యాన్ ఉంటుంది. మెసేజ్ రాసినవాళ్లు దీన్ని మర్చిపోయారు. అదీ అంత చప్పుడుదే అయితే మరో 3. మొత్తం 59. రాత్రి కిటికీ తెరుచుకుని నిద్రపోవాలంటే బయట 45 దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 1999 మార్గదర్శకాల్లో చెప్పింది. 10 పెరిగితే చెవికి రెట్టింపు అనిపిస్తుంది, ఇక్కడ పెరిగింది 14. పైగా మాట్లాడుకునే ఇద్దరూ ఎప్పుడో ఒకప్పుడు నోరు మూస్తారు.

అంకెలో కనపడనిది హోరు. మామూలుగా రాసే డీబీఏ (మనిషి చెవికి తగ్గట్టు సర్దిన డెసిబెల్) కొలత బొంగురు శబ్దాలను తగ్గించి చూపిస్తుంది: 63 హెర్ట్జ్ దగ్గరి శబ్దాన్ని 26, 125 హెర్ట్జ్ దగ్గర 16 తగ్గించి చూపిస్తుంది. పెద్ద ఫ్యాన్ల గుంయ్‌మనే హోరు ఉండేది అక్కడే, గోడలను దాటి వచ్చేదీ అదే. అందుకే ఒక్క మొత్తం అంకె కాకుండా ఆ రెండు బ్యాండ్ల అంకెలు విడిగా ఇవ్వమనాలి. ఫ్యాన్ కాళ్ల కింద స్ప్రింగులు, ఫ్యాన్‌కూ డక్టుకూ మధ్య మెత్తటి కనెక్టర్, గోడ క్లాంపుల్లో రబ్బరు ఉన్నాయా చూడాలి. మూడూ ఉండి, ఒక్క క్లాంపు రబ్బరు లేకుండా నేరుగా గోడకు బిగిసినా చాలు, అదురు పై అంతస్తులోని మంచం దాకా వెళ్తుంది. ఫిల్టర్లు మూసుకుపోయేకొద్దీ గాలి లాగడం లేదని వంటవాళ్లు ఫ్యాన్ వేగం పెంచుతారు. వేగం 20 శాతం పెరిగితే చప్పుడు దాదాపు 4 డెసిబెల్స్ పెరుగుతుంది. శుభ్రం చేయని ఫిల్టర్ వాసన సమస్యే కాదు, శబ్దం సమస్య కూడా.

గ్రీజ్ ట్రాప్ నిజంగానే పనిచేస్తుంది, ఖాళీ చేస్తేనే. నీరు నిదానంగా నిలిస్తే కొవ్వు పైకి తేలుతుంది, మడ్డి అడుక్కు దిగుతుంది. ఆ రెండూ కలిపి నీటి లోతులో నాలుగో వంతు ఆక్రమించాయంటే ఖాళీ చేయాల్సిందే. లేకపోతే నీరు నిలిచే చోటు తగ్గి, కొవ్వు తేలేలోపే దాటిపోతుంది. గిన్నెలు కడిగే యంత్రపు వేడి నీళ్లు, సబ్బు కూడా కొవ్వును కరిగించి దాటించేస్తాయి. అది కాస్త దూరం పోయి చల్లారి, వీధి పైపులో గడ్డకడుతుంది. ట్రాప్‌లో కొవ్వు కరిగించే మందు పోస్తామంటే ఒప్పుకోకండి. కొవ్వు మాయం కాదు, మీ పైపుకు చేరుతుంది.

పార్కింగ్ లెక్క సీట్లతో తేలదు. భోజనం చేసేవాళ్ల కార్లు వచ్చేదీ, ఇళ్లవాళ్లు పని నుంచి తిరిగొచ్చేదీ ఒకే సమయం. సిబ్బంది బండ్లు, పార్సిల్ కోసం రెండు నిమిషాలు ఆగే డెలివరీ బండ్లు ఏ సీటు లెక్కలోనూ ఉండవు.

‘పదింటికి మూసేస్తారు.’ మూసేది ఏది? ఆఖరి ఆర్డరా, తలుపా, ఫ్యానా? తలుపు మూశాక వంటగది కడగడం, ఆ తర్వాత సీసాలను డ్రమ్ములో గుమ్మరించడం ఉంటాయి. ఉలిక్కిపడి లేపేది ఈ గుమ్మరింపే. అనుమతితోపాటు పెట్టే షరతులో నాలుగు సమయాలు విడివిడిగా ఉండాలి: కస్టమర్లు బయటికి వెళ్లేది, ఫ్యాన్లు ఆగేది, సీసాలు పారబోసేది, చెత్త బండి వచ్చేది.

ఒక మాట ఒప్పుకోవాలి. అభ్యంతరాలన్నీ గట్టివి కావు. ఇళ్ల ధరలు పడతాయని, ఉన్న హోటళ్లకు గిరాకీ పోతుందని, దరఖాస్తుదారు మంచివాడు కాదని చెప్పేవి విచారణలో సాధారణంగా తేలిపోతాయి, పనికొచ్చే పాయింట్ల సమయాన్ని కూడా మింగేస్తాయి.

ఇక ‘తర్వాత ఫిర్యాదు చేసుకోవచ్చు’. మెసేజ్‌లో అన్నిటికంటే హాని చేసే వాక్యం ఇదే. డక్టు దారి, ఫ్యాన్ చోటు, కార్బన్‌కు గది, కప్పు మోసే బరువు అన్నీ కట్టకముందే తేలేవి. కట్టాక 200 కిలోల పెట్టెకు చోటు దొరకదు. చాలా చోట్ల అనుమతి మనిషికి కాదు, స్థలానికి ఇస్తారు. ఇవాళ ఉడకబెట్టిన వంటలు మాత్రమే చేస్తామన్నవాళ్లు ఏడాదిలో అమ్మేసి వెళ్తే, వచ్చినవాళ్లు అదే డక్టు కింద బొగ్గుల మీద కాల్చవచ్చు. కాబట్టి చూపించిన మెనూను బట్టి కాక, ఆ అనుమతి కింద చేయగలిగిన అత్యంత ఘాటు వంటను బట్టి ఏర్పాట్లు అడగాలి, లేదా వంట రకాన్నే షరతులో కట్టేయాలి.

ఫిర్యాదు నిలబడేదీ షరతులోని మాటలను బట్టే. ‘తగిన వాసన నియంత్రణ ఏర్పాటు చేయాలి’ అని ఉంటే తగినంత ఉందో లేదో ఎవరూ తేల్చలేరు. కార్బన్ కిలోలు, మార్చే గడువు, కిటికీ దగ్గర దాటకూడని డెసిబెల్స్, ఫ్యాన్ ఆగే సమయం, డ్రాయింగ్ నంబరు ఉండాలి. కొలిచే రోజు కూడా రాయించాలి. ప్రారంభోత్సవం నాటికి కార్బన్ కొత్తది, ఫిల్టర్లు మెరుస్తుంటాయి. మూడు నెలలు నడిచాక, రద్దీగా ఉండే సాయంత్రం, ఆ పడకగది కిటికీ దగ్గర కొలవాలి.