సవరణ: కయాకోయ్‌ను ఖాళీ చేయించింది భూకంపం కాదు
తుర్కియే నైరుతి తీరాన, ఫెతియే పట్టణానికి చేరువనున్న కయాకోయ్ గ్రామం 1957 భూకంపం వల్ల ఖాళీ అయిందని మునుపటి టపాలో ఉన్న వాక్యాన్ని పాఠకులు ఈ విధంగా సవరించి చదువుకోగలరు. లెవిస్సి అని పిలుచుకున్న ఈ ఊళ్ళో తరతరాలుగా కాపురమున్న గ్రీకు ఆర్థడాక్స్ క్రైస్తవులు అంతకు మూడు దశాబ్దాలకు పూర్వమే, గ్రీకు–తుర్కు యుద్ధం, 1923 జనవరి 30న స్విట్జర్లాండ్‌లోని లోజాన్‌లో గ్రీసు, తుర్కియేల మధ్య కుదిరిన జనమార్పిడి ఒడంబడిక కారణంగా గ్రీసుకు తరలిపోవలసి వచ్చింది. వారిలో పలువురు ఏథెన్స్ సమీపాన నెయా మాక్రిలో స్థిరపడ్డారు. ఎవరు వెళ్ళాలో, ఎవరు ఉండాలో తేల్చింది మాట్లాడే భాష కాదు, మతం; ఒడంబడికలోని అన్యాయమంతా, నా దృష్టిలో, అక్కడే ఉంది. కయాకోయ్‌లోని దిగువ చర్చి ముంగిట నలుపు తెలుపు గులకరాళ్ళతో తీర్చిన నగిషీ వారి కాలానిదే. ఈ ఊళ్ళో భూకంపం దెబ్బతీసింది అప్పటికే బోసిపోయిన రాతి ఇళ్ళను మాత్రమే.