కుడి వైపుకి వస్తే బొటనవేలు మాట వినదు

టెక్కెన్ అనే ఫైటింగ్ వీడియోగేమ్‌లో కొరియన్ బ్యాక్‌డ్యాష్ (వరసగా, వేగంగా వెనక్కి జరిగే కదలిక) కోసం మూడు నెలలుగా రోజూ అరగంట ప్రాక్టీస్ చేస్తున్నాను. కంట్రోలర్ మీద బొటనవేలితో వెనక్కి రెండుసార్లు నొక్కాలి, ఆ అడుగు పూర్తికాకముందే కింద-వెనక మూలకి జార్చి దాన్ని తుంచెయ్యాలి, మళ్లీ వెనక్కి. సెకనుకి 60 ఫ్రేములు నడిచే ఆటలో ఇదంతా రెప్పపాటులో జరగాలి. మూల దగ్గర వేలు కాస్త ఆగిందా, నా బొమ్మ కూర్చుండిపోతుంది, ఎదుటివాడి మిడ్ దెబ్బ (కూర్చుని ఆపలేని దెబ్బ) నేరుగా తగులుతుంది.

నా బొమ్మ తెర మీద ఎడమ వైపు నిలబడితే ఎలాగో వస్తోంది. కుడి వైపుకి మారితే చాలు, మొత్తం తారుమారు! వెనక్కి అంటే ఇప్పుడు కుడికి కదా, అక్కడ నా వేలు తడబడుతుంది. నిన్న చివరి రౌండ్‌లో అదే జరిగింది. బొటనవేలి కొన ఎర్రగా కంది ఇంకా మండుతోంది. నిజంగా ఏడుపొచ్చింది.