సవరణ: మెడ తిప్పగలిగితే స్కాన్ అక్కర్లేదన్న మాట తప్పు

మా మలక్‌పేట అపార్ట్‌మెంట్‌లో మెట్ల మీంచి జారిపడ్డ పెద్దాయన గురించి మొన్న రాస్తూ, "మెడ అటూ ఇటూ తిప్పగలిగితే స్కాన్ అక్కర్లేదు" అన్నాను. అది తప్పు, పొరపాటు నాదే.

అత్యవసర విభాగాల్లో డాక్టర్లు పాటించే, దెబ్బ తగిలినవారికి మెడ స్కాన్ కావాలో లేదో తేల్చే, 2001లో వచ్చిన కెనడా నియమం ప్రకారం మెడ తిప్పించడం ఆఖరి మెట్టు. వయసు 65 నిండినా, మూడడుగుల ఎత్తు నుంచో ఐదు మెట్ల మీంచో పడినా, చేతులు కాళ్లలో తిమ్మిరి ఉన్నా ముందు స్కాన్ తీయాల్సిందే. ఇవేవీ లేకుండా, దెబ్బ తర్వాత లేచి నడవగలగడం లాంటి మంచి సూచన ఉంటేనే డాక్టరు దగ్గరుండి రెండు వైపులా 45 డిగ్రీలు తిప్పమంటారు. పూర్తి తెలివిలో లేనివారికి ఈ నియమమే వర్తించదు.

దయచేసి, పడినవాళ్లను లేపి కూర్చోబెట్టి "ఏదీ, మెడ తిప్పు" అనకండి. కదపకుండా 108కి ఫోన్ చేయండి.