కీమోలో ఉన్న మనిషికి ప్రోబయోటిక్ డబ్బాలు మోసుకురాకండి

మా పిన్నికి రొమ్ము క్యాన్సర్‌. కీమో నడుస్తోంది. చూడ్డానికొచ్చే చుట్టాలందరిదీ ఈ మధ్య ఒకటే పాట: "అంతా పేగుల్లో బ్యాక్టీరియా వల్లే. ఈ పొడి రోజూ వేసుకో, నీరసం ఎగిరిపోతుంది." వాట్సాప్‌లో వీడియో చూడటం, ప్రోబయోటిక్ (బతికున్న "మంచి" బ్యాక్టీరియా) డబ్బా కొనుక్కుని రావడం!

నాకు మరీ ఒళ్ళు మండేదేంటంటే, ఆ మాటలో కొంత నిజముంది. పిన్ని స్నానం చేసొచ్చి, తువ్వాలు భుజం మీద ఉండగానే మంచం మీద ఒరిగిపోతోంది. ఎంత పడుకున్నా తీరని నీరసం. పప్పులో ఉప్పు వేసిందో లేదో గుర్తుండదు, రుచి చూద్దామంటే కీమో దెబ్బకి నోటికి రుచే తెలియదు. నన్ను పిలిచి చూడమంటుంది. ఈ మతిమరుపుని కీమో బ్రెయిన్ అంటారు. అది బద్ధకమూ కాదు, వయసూ కాదు.

కీమో మందు త్వరత్వరగా పెరిగే కణాల్ని కొడుతుంది. పేగు లోపలి పొరా అలాంటిదే. అది దెబ్బతిని, అక్కడి బ్యాక్టీరియా తీరు మారితే, ఇన్‌ఫ్లమేషన్ (ఒంట్లో వాపు) పెరిగి ఆ ప్రభావం మెదడు దాకా పోతుందేమోనని పరిశోధకుల అనుమానం. ఒహాయో స్టేట్ యూనివర్సిటీ వాళ్ళు ఎలుకలకి పాక్లిటాక్సెల్ అనే కీమో మందు ఇచ్చి 2019లో అచ్చువేసిన పరిశోధనలో పేగు బ్యాక్టీరియా మారడమూ, మెదడులో ఇన్‌ఫ్లమేషనూ కలిసే కనిపించాయి.

సరే, అవి ఎలుకలు. అక్కణ్ణుంచి మెడికల్ షాపు డబ్బాకి దూకేస్తే ఎలా? 2021లో సైన్స్ పత్రికలో మెలనోమా (ఒక రకం చర్మ క్యాన్సర్) పేషెంట్ల మీద ఒక పరిశోధన వచ్చింది. ఇమ్యునోథెరపీలో (ఒంట్లోని రోగనిరోధక శక్తినే క్యాన్సర్ మీదకి ఉసిగొలిపే చికిత్సలో) ఉన్నవాళ్ళలో పీచు బాగా తిన్నవాళ్ళకి ఫలితం మెరుగ్గా ఉంది. అదే పరిశోధనలో, బయట దొరికే ప్రోబయోటిక్స్ ఇచ్చిన ఎలుకల్లో చికిత్స పనిచేయడం తగ్గింది. మా పిన్నిది వేరే క్యాన్సర్, వేరే మందు, కాబట్టి ఇది ఆవిడకీ వర్తిస్తుందని నేననను. కానీ "వేసుకుంటే పోయేదేముంది" అనే ధైర్యం మాత్రం నాకు లేదు. పైగా కీమో వల్ల కౌంట్స్ (తెల్ల రక్తకణాలు) పడిపోయినప్పుడు బతికున్న బ్యాక్టీరియాని మింగితే, అరుదుగానైనా అదే రక్తంలోకి చేరి ఇన్ఫెక్షన్ తెస్తుంది. ఆ సంగతి వీడియోలో ఎవడూ చెప్పడు.

ఈ నీరసానికి బాగా రుజువున్న ఉపాయం ఒకటుంది: ఓపికున్నంత మేరకు, డాక్టర్‌ని అడిగి, రోజూ కాస్త నడవడం. దాన్నెవరూ డబ్బాలో పెట్టి అమ్మలేరు కదా, అందుకే వీడియోలుండవు. మనవాళ్ళేమో "కదలకు, పడుకో" అంటారు.

ఇంకో బాధ ఓపీలో. "ఇంకేమైనా ఇబ్బందులున్నాయా?" అని డాక్టర్ అడగ్గానే పిన్ని "ఏం లేదండీ, బానే ఉన్నాను" అనేస్తుంది. వాంతులైతే చెబుతుంది, నీరసం చెప్పుకోడానికి సిగ్గు. అందుకని ఈసారి నిద్ర, మతిమరుపు, నీరసం, చుట్టాలు తెచ్చిన పొడి పేరు, అన్నీ కాగితం మీద రాసి నేనే చేతికిచ్చాను. ఆయన చదివి, పొడి ఆపించి, హిమోగ్లోబిన్, థైరాయిడ్ టెస్టులు రాశారు.