"ఐదేళ్లొచ్చేదాకా ఇంట్లోనే ఉంచండి" అనే మెసేజ్‌కి నా జవాబు

వారం నుంచి మా ఫ్యామిలీ గ్రూపులో, టెన్త్ బ్యాచ్ గ్రూపులో, ఆఖరికి చీపురుపల్లి అపార్ట్‌మెంట్ గ్రూపులో కూడా ఒకటే మెసేజ్. మాటలు రాని, నడక రాని, బుద్ధి ఎదుగుదల తక్కువున్న పిల్లల్ని అంగన్‌వాడీల్లో, ప్లేస్కూళ్లలో మిగతా పిల్లలతో కలపొద్దట. ఐదు కారణాలు చెప్పారు: వాళ్లని చూసి మిగతావాళ్లూ అలాగే తయారవుతారు, వాళ్లు కొడతారు కొరుకుతారు, టీచర్ వల్ల కాదు, వాళ్లకి వేరే స్కూళ్లున్నాయి, ఐదేళ్లొచ్చేదాకా ఇంట్లో ఉంచితే అదే సర్దుకుంటుంది. నిన్న మా పెదనాన్న కూడా పంపారు. ఇక ఊరుకోలేక రాస్తున్నాను.

మొదటిది తప్పు. ఆటిజం, డౌన్ సిండ్రోమ్, సెరిబ్రల్ పాల్సీ లాంటి ఎదుగుదల సమస్యలు పక్కన కూర్చుంటే అంటుకునేవి కావు. మూడేళ్ల పిల్లలు ప్రతిదాన్నీ అనుకరిస్తారు, మర్నాటికి మర్చిపోతారు. దీని మీద ఇంతకన్నా మాట్లాడటం దండగ.

రెండోది, కొరకడం. ఆ వయసు గుంటలు చాలామంది కొరుకుతారు, ఏ ఆయానైనా అడగండి. మాట రాని పిల్లాడు తనకేం కావాలో చెప్పలేక కొరుకుతాడు. మా అక్క కొడుకుని ఒక ప్లేస్కూలువాళ్లు ఇందుకే కొద్దిరోజుల్లో ఇంటికి పంపేశారు. తర్వాత అంగన్‌వాడీ టీచరమ్మ నీళ్లు, పాలు, గుడ్డు, చెప్పుల బొమ్మలు కత్తిరించి అట్టకి అంటించి, కావలసినదాని మీద వేలు పెట్టడం నేర్పింది. కొరకడం బాగా తగ్గింది.

అసలు నాకు ఒళ్లు మండింది ఐదో పాయింటు దగ్గర. "వాళ్ల నాన్నకీ ఆలస్యంగానే మాటలొచ్చాయి" అని ప్రతి ఇంట్లో ఎవరో ఒకరు అంటూనే ఉంటారు, కొందరికి ఆలస్యంగా వస్తాయి కూడా, కాదనను. కానీ ఏ పిల్లకి తర్వాత వస్తాయో, ఏ పిల్లకి చెవి వినపడక రావడం లేదో పరీక్ష చేయించకుండా ఎలా తెలుస్తుంది? పుట్టుచెవుడు ఉన్న బిడ్డకి వినికిడి మిషన్ అయినా, చెవి లోపల పరికరం అమర్చే కాక్లియర్ ఇంప్లాంట్ ఆపరేషన్ అయినా ఎంత చిన్నప్పుడు జరిగితే మాట అంత బాగా వస్తుంది. ఐదేళ్లు ఆగమని రాసినవాడు ఆ బిడ్డ మాటని లాక్కుంటున్నాడు. మెదడు ఎదుగుదలలో 85 శాతానికి పైగా ఆరేళ్లలోపే జరుగుతుందని 2020 జాతీయ విద్యా విధానంలోనే ఉంది, సరిగ్గా ఆ ఏళ్లనే ఇంట్లో గడిపేయమంటున్నారు! పిల్లల ఆరోగ్య పరీక్షల కోసం ఉన్న ప్రభుత్వ పథకం, రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం డాక్టర్ల బృందం ఏడాదికి రెండుసార్లు పిల్లల్ని చూడాల్సింది అంగన్‌వాడీలోనే. అక్కడ లోపం కనిపిస్తే డీఈఐసీకి, అంటే పిల్లల లోపాలకి చిన్నప్పుడే వైద్యం అందించే జిల్లా స్థాయి కేంద్రానికి రాస్తారు. పిల్ల అక్కడ లేకపోతే ఎవరు చూస్తారు, ఎవరికి రాస్తారు? 2023 నవంబరులో కేంద్రం దివ్యాంగ పిల్లల కోసం అంగన్‌వాడీ ప్రోటోకాల్ తెచ్చింది కూడా ఇందుకే, లక్షణాలు ముందే పసిగట్టడానికి, అందరితో కలపడానికి, వైద్యానికి పంపడానికి.

ఇంకో సంగతి, ఇంట్లో ఉంచమన్నారు సరే, ఇంట్లో ఎవరుంటారు? పలాసలో జీడిపప్పు ఒలవడానికి వెళ్లే తల్లి కూలి మానుకోవాలి. కొడుకూ కోడలూ చెన్నైకో హైదరాబాద్‌కో పనికి వెళ్లిపోయిన ఇంట్లో మోకాళ్ల నొప్పుల నాయనమ్మ ఒక్కతే ఆ బిడ్డని చూసుకోవాలి. మెసేజ్ రాసినవాళ్లకి ఈ ఇళ్లు కనపడలేదు.

నాలుగోది, వేరే స్కూళ్లు. మెళియాపుట్టి మండలంలో కొండ కింద ఊరి నుంచి మూడేళ్ల బిడ్డని రోజూ శ్రీకాకుళం తీసుకెళ్లి తీసుకురమ్మంటారా? థెరపీ కావాలి, నిజమే. కొందరికి కొన్ని గంటలు విడిగా నేర్పడం అవసరం కూడా. మండలంలో భవిత కేంద్రం (ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం ప్రభుత్వం పెట్టింది) ఉంటే అక్కడికీ తీసుకెళ్లండి, కానీ దాని కోసం అంగన్‌వాడీ మాన్పించకండి. తోటిపిల్లలతో వరసలో కూర్చుని అన్నం తినడం, తన వంతు వచ్చేదాకా ఆగడం విడి గదిలో ఒక్కడినే కూర్చోబెట్టి నేర్పలేం. ఇక ప్రైవేటువాళ్లు "మా దగ్గర కుదరదు" అంటే 2016 దివ్యాంగుల హక్కుల చట్టం గుర్తుచేయండి. ప్రభుత్వం నడిపేవైనా, గుర్తింపు ఇచ్చినవైనా, విద్యాసంస్థలు ఈ పిల్లల్ని వివక్ష లేకుండా చేర్చుకోవాలని అందులో ఉంది.

మిగిలింది టీచర్ వల్ల కాదనే మూడో పాయింటు. ఇది మాత్రం ఒప్పుకుంటాను. ఒక టీచర్, ఒక ఆయా, గదినిండా పిల్లలు, మధ్యలో ఫోన్‌లో యాప్ ఎంట్రీలు, వంట, బరువులు తూయడం, ఇంటింటికీ తిరగడం. ఇంత పని చేస్తున్నవాళ్లు 2023 డిసెంబరు నుంచి 42 రోజులు జీతాల కోసం సమ్మె చేయాల్సి వచ్చింది. వాళ్ల మీద ఇంకో బిడ్డ బాధ్యత ఊరికే పడేయడం అన్యాయం. అయితే అడగాల్సింది ఇంకో మనిషిని ఇమ్మని, టీచర్లకి సరైన శిక్షణ ఇమ్మని, గుమ్మం దగ్గర ర్యాంపు కట్టమని. బిడ్డ పేరు రిజిస్టర్‌లోంచి తీసేయమని కాదు. పెదనాన్నా, అంగన్‌వాడీలని చూసే అధికారి సీడీపీవోకి ఈ అర్జీ నేను రాస్తున్నాను, మీరు కూడా సంతకం పెట్టండి.