మెషిన్‌గన్ చేసిన నమ్మకద్రోహం

మొదటి ప్రపంచ యుద్ధం పేరెత్తగానే బ్రిటిష్ జనరళ్లను తిట్టడం లోకానికి అలవాటైపోయింది. కందకాల్లోంచి లేపి కుర్రాళ్లను మెషిన్‌గన్లకు ఎదురు నడిపించారట, బుర్ర లేదట. ఎంత అన్యాయం! ఆ పెద్దమనుషులకు ఈ తుపాకీ సంగతి తెలియక కాదు, అందరికన్నా బాగా తెలుసు. మాట తప్పింది తుపాకీయే.

1898లో సూడాన్‌లోని ఒమ్‌దుర్మాన్ దగ్గర బ్రిటిష్ సేనాని కిచెనర్ సైన్యం ఫిరంగులు, మాక్సిమ్ అనే రకం మెషిన్‌గన్లు పెట్టుకుని కాచుకుంది. మైదానంలో ఎదురొచ్చిన, మహదీ అనే సూడాన్ మతనాయకుడి బాటలో నడిచిన సైనికులు ఒక్క పూటలో పదివేల మందికి పైగా చచ్చిపోయారు. కిచెనర్ వైపు పోయింది యాభై మంది వరకు. తర్వాత జనరళ్లయిన హేగ్, రాలిన్‌సన్ కూడా ఆ యుద్ధంలో ఉన్నారు, కళ్లారా చూశారు. మైదానంలో నడిచొచ్చేవాడు చస్తాడని అర్థం చేసుకున్నారు. నడిచొచ్చేవాడు ఆఫ్రికావాడైతేనే అన్న షరతు ఎక్కడా రాసి లేదు గానీ, అంత పెద్ద చదువులు చదివినవాళ్లకు విడిగా రాసి చూపించాలా?

1916 జూలై 1న ఫ్రాన్స్‌లో, సోమ్ నది దగ్గర, హేగ్ సర్వసేనాని, రాలిన్‌సన్ సేనాని. వారంపాటు 15 లక్షల గుండ్లు కురిపించారు. జర్మన్లు మాత్రం సుద్దనేలలో ముప్పై అడుగుల లోతున గదులు తవ్వుకుని, పేకాట కట్టేసి పైకి రావడానికి సిద్ధంగా కూర్చున్నారు. (పేకాట నా ఊహ. గదులు నిజం.) జర్మన్లున్న హాథార్న్ గుట్ట కింద బ్రిటిష్‌వాళ్లు పెట్టిన మందుపాతరను దాడికి సరిగ్గా పది నిమిషాల ముందు, 7:20కి పేల్చారు. చెప్పాపెట్టకుండా ఎదుటివాడి గుమ్మం తొక్కడం మర్యాద కాదు కదా.

7:30కి విజిల్ ఊదారు. ఒక్కొక్కడి వీపున పాతిక ముప్పై కిలోల బరువు. ఎదురుగా ముళ్లకంచె చాలాచోట్ల తెగనే లేదు. చాలా బెటాలియన్లు వరసలు కట్టి నడిచాయి. జర్మన్ గన్నర్లకు గురి చూసే శ్రమ కూడా లేదు. గన్ను ఎదురుగా కాక పక్కవాటుగా పెడతారు. అప్పుడు అడ్డంగా వచ్చే వరస కాస్తా నిలువు క్యూ అవుతుంది. నిమిషానికి 500 గుళ్ల చొప్పున, పంక్తిలో పప్పు వడ్డించుకుంటూ పోయే మనిషిలా, ఒక్క విస్తరీ వదలకుండా గన్ను తిప్పుకుంటూ పోవడమే. సాయంత్రానికి బ్రిటిష్ లెక్క: చనిపోయినవాళ్లు 19,240, గాయపడ్డవాళ్లతో కలిపి మొత్తం నష్టం 57,470. వాళ్లలో కొందరిని ఫిరంగులు తిన్నాయి, ఆ మాట దాచను.

జర్మన్ల చేతిలో ఉన్నది కూడా మాక్సిమ్ గన్నే, వాళ్ల దేశంలో తయారైన రకం. దాన్ని 1884లో హైరమ్ మాక్సిమ్ కనిపెట్టింది లండన్‌లో. ఆయనకు సర్ బిరుదిచ్చి గౌరవించింది బ్రిటనే. అన్నం పెట్టిన చేతిని కరిచిన ఈ తుపాకీని వదిలేసి జనరళ్లను తప్పుపడతారేమిటి?

వాళ్లు మాత్రం ధైర్యం కోల్పోలేదు. గుర్రం వేగం, దూకుడు, ఉక్కు కత్తి పుట్టించే భయం, వీటి ముందు తుపాకీ దిగదుడుపేనని 1907 నాటి అశ్వికదళ శిక్షణ పుస్తకం చెప్పనే చెప్పింది. ఆ నమ్మకంతోనే జూలై 14 సాయంత్రం హై వుడ్ అనే అడవి పక్క పొలాల్లోకి బల్లేలిచ్చి గుర్రపు దళాన్ని తోలారు. అందులో ఒకటి డెక్కన్ హార్స్, నిజాం కోసం పెంచిన పాత హైదరాబాద్ రౌతుల దళం. బల్లేలకు కొందరు జర్మన్లు దొరికారు కూడా. అడవి దొరకడానికి ఇంకో రెండు నెలలు పట్టింది.

యుద్ధం అయ్యాక, 1919లో, హేగ్‌కు ఎర్ల్ అనే ప్రభువు బిరుదిచ్చి, పార్లమెంటు లక్ష పౌండ్లు బహుమానం ఇచ్చింది. మాక్సిమ్‌నే కాస్త సవరించి బ్రిటన్ చేసుకున్న వికర్స్ గన్‌కు ఏ బిరుదూ దక్కలేదు. అయినా అది అలగకుండా 1968 దాకా సైన్యంలో కొలువు చేసింది.