రిజిస్ట్రేషన్ అయితే చాలని ఎవరు చెప్పారు?

వారం రోజుల్లో ఆరుగురు పంపారు ఇదే మెసేజ్. హైదరాబాద్ చుట్టుపక్కల ప్లాట్ కొనేవాళ్లకు సలహాలట. లేఅవుట్ పరిశీలన, అనుమతులు అన్నీ డబ్బు గుంజే తతంగం, పంచాయతీ ముద్ర, రిజిస్ట్రేషన్ ఉంటే చాలు, మిగతాది ఎల్‌ఆర్‌ఎస్‌లో, అంటే అనుమతి లేని ప్లాట్లను డబ్బు కట్టి క్రమబద్ధీకరించుకునే పథకంలో చూసుకోవచ్చు అని దాని సారాంశం. పంపినవాళ్లలో ఇద్దరు అడ్వాన్స్ ఇచ్చే ఆలోచనలో ఉన్నారు, అందుకే ఊరుకోలేక ఆ మెసేజ్‌లోని ఒక్కో మాటకూ జవాబు రాస్తున్నా.

"పంచాయతీ లేఅవుట్ కూడా అప్రూవ్డే." కాదు. పంచాయతీ తనంతట తాను లేఅవుట్‌కు ఆమోదం ఇవ్వలేదు. హెచ్‌ఎండీఏ (హైదరాబాద్ మహానగరాభివృద్ధి సంస్థ) పరిధిలో అయితే ఆ సంస్థ, దాని బయట అయితే డీటీసీపీ (పట్టణ ప్రణాళిక శాఖ) ప్లాన్ చూసి ఆమోదించాల్సిందే.

"రెరా అపార్ట్‌మెంట్లకే." ఇదీ తప్పే. 500 చదరపు మీటర్లు దాటిన ప్లాట్ల వెంచర్‌కూ రెరా, అంటే రియల్ ఎస్టేట్ నియంత్రణ సంస్థ ఇచ్చే నంబర్ ఉండాలి, అది లేకుండా ప్రకటన కూడా ఇవ్వకూడదు.

"రిజిస్ట్రేషన్ అయితే ఇక ఢోకా లేదు." నాకు ఒళ్లు మండేది ఇక్కడే. మా బాబాయి 2016లో ఇలాగే ఒక పంచాయతీ లేఅవుట్‌లో ప్లాట్ కొన్నాడు. ఏప్రిల్‌లో చూడ్డానికి వెళ్లాం, నేనూ వెంట ఉన్నా. నేల బీటలు వారి ఉంది, రాళ్ల మీద ఎర్ర రంగుతో నంబర్లు, మధ్యలో ఎండిపోయిన తుంగ. తుంగ ఎక్కడ మొలుస్తుందో ఊళ్లో పుట్టిన మా ఇద్దరికీ తెలుసు, అయినా ఆ రోజు తోచలేదు. "ఈసీ క్లీన్‌గా ఉందిరా" అన్నాడు బాబాయి, ఆస్తి లావాదేవీలు చూపే ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్ గురించి. రిజిస్ట్రేషనూ అయిపోయింది. ఆగస్టులో వెళ్తే మోకాళ్ల లోతు నీళ్లు, ఆయన హద్దురాయి కొన మాత్రం పైకి కనిపిస్తోంది. అది చెరువు శిఖం (చెరువు నీళ్లు నిలిచే నేల) పక్కన, ఖాళీగా వదలాల్సిన బఫర్‌లో ఉన్న నేల.

సబ్‌రిజిస్ట్రార్ ముఖ్యంగా చూసేది దస్తావేజు, స్టాంపు డ్యూటీ, సంతకాలు. ఈసీలో ఉండేది ఆ ఆస్తి మీద జరిగిన లావాదేవీలు. చెరువు నీళ్లు ఎక్కడిదాకా వస్తాయో ఆ రెండింట్లోనూ ఉండదు. 10 హెక్టార్లు, అంతకు మించిన చెరువైతే ఎఫ్‌టీఎల్ (చెరువు నిండినప్పుడు నీళ్లు వచ్చే హద్దు) నుంచి 30 మీటర్లు, చిన్నదైతే 9 మీటర్లు వదలాలి, ఆ గీత దాటారా లేదా అని చూడాల్సింది లేఅవుట్ ఫైలు పరిశీలనలోనే. మీరు తతంగం అంటున్న ఆ పని జరిగి ఉంటే బాబాయికి ఆ ప్లాట్ అమ్మేవాళ్లే కాదు. ఇది తెలిసి కూడా ఫార్వర్డ్ చేస్తున్నారా, చదవకుండానే నొక్కేస్తున్నారా?

"ఎల్‌ఆర్‌ఎస్ ఎప్పటికైనా వస్తుంది." బాబాయి 2020లో వెయ్యి రూపాయలు కట్టి దరఖాస్తు పెట్టాడు. ఎఫ్‌టీఎల్, బఫర్‌లో ఉన్న ప్లాట్లకు ఆ పథకం వర్తించదు, ఆ ఫైలు కదల్లేదు. పైగా ఆ పథకానికి కటాఫ్ 2020 ఆగస్టు 26. మొన్న రాళ్లు పాతిన వెంచర్‌ను చూపించి ఎల్‌ఆర్‌ఎస్ వస్తుందని ఎలా చెప్తారండీ?

"పార్కుకు 10 శాతం వదలడం వల్లే రేట్లు పెరుగుతున్నాయి." వదలకపోతే ఏమవుతుందో కూడా రాయాల్సింది. ఆ ఖాళీ స్థలం లేని లేఅవుట్‌లో ప్లాట్‌ను ఆ ఎల్‌ఆర్‌ఎస్ కింద క్రమబద్ధీకరించాలంటే ప్లాట్ విలువలో 14 శాతం కట్టాలి, అసలు ఛార్జీ దానికి అదనం. కట్టేది ప్లాట్ కొన్నవాడు, వెంచర్ వేసినవాడు ఎప్పుడో డబ్బు తీసుకుని వెళ్లిపోయి ఉంటాడు.

మెసేజ్ చివర్లో ఒక మాట ఉంది, "అప్రూవ్డ్ లేఅవుట్లలో కూడా మోసాలున్నాయి" అని. అది నిజం, ఒప్పుకుంటున్నా. లేఅవుట్ ఆమోదం అంటే భూమి ఎవరిదో తేల్చి చెప్పినట్టు కాదు, టైటిల్ గొడవ కోర్టులో ఉంటే హెచ్‌ఎండీఏ కాగితం దాన్ని ఆపలేదు. ఇన్నాళ్లూ నేను కూడా "హెచ్‌ఎండీఏ ఉందిగా, తీసుకో" అని నలుగురికి చెప్పినవాణ్ణే, అలా చెప్పకూడదు. లింకు డాక్యుమెంట్లు (ఆ భూమి ఇంతకుముందు చేతులు మారిన దస్తావేజులు) లాయర్‌కు చూపించాలి. చేతిలో ఉన్నది టెంటేటివ్ (తాత్కాలిక ఆమోదం ఉన్న) లేఅవుటా, ఫైనలా అడగాలి, ఎందుకంటే రోడ్లు, డ్రైనేజీ పూర్తయ్యేదాకా 15 శాతం ప్లాట్లు హెచ్‌ఎండీఏకు తనఖాలో ఉంటాయి, మీకు తక్కువ రేటుకు ఇస్తామంటున్నది అందులోదేమో లేఅవుట్ కాపీలో నంబర్ చూసుకోండి. అడ్వాన్స్ ఇవ్వబోతున్న ఆ ఇద్దరికీ ఫోన్ చేశాను. ఒకాయన ఎత్తలేదు.